అతుకులో పొట్టు

ఐదు ముక్కలు ఎగిరిపడ్డాయి. నాలుగే దొరికాయి.

ఒకటి లేత్ మిషను కాళ్ళ మధ్య, చెక్కపొట్టులో కూరుకుపోయి ఉంది. ఒకటి కిటికీ అద్దాన్ని పగలగొట్టి గట్టు మీదే ఆగిపోయింది. ఒకటి నూనె డబ్బాల వెనక. ఇంకొకటి ఎవరో గిరాటేసినట్టు గుమ్మం దాకా వెళ్ళింది. ఐదోది లేదు. ఆమె మోకాళ్ళ మీద పాకుతూ వెతుకుతోంది. చూసేవాళ్ళకి నేల శుభ్రం చేస్తున్నట్టు ఉంటుందని చీపురు పక్కనే పెట్టుకుంది. మేస్త్రి రక్తం పొట్టులో ఇంకి చిన్న చిన్న ఉండలు కట్టింది. చేతికి తగిలిన ప్రతి ఉండా ఆ ముక్కేనేమో అనిపిస్తోంది.

"అక్కా, నువ్వు లే. అదంతా నేను ఊడుస్తాలే," అన్నాడు పాలిష్.

అతని పని గిన్నెలకి ఉప్పు కాగితం పట్టి, మైనం కలిపిన నూనె రుద్దడం. అందుకే ఆ పేరు. నలభై ఐదేళ్ళవాడు, ఆమె కంటే పదమూడేళ్ళు పెద్ద. అయినా షెడ్డులో అడుగుపెట్టిన ఆడవాళ్ళందరూ అతనికి అక్కలే.

"నువ్వు ముట్టుకోకు," అంది ఆమె. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. వెంటనే తగ్గించి, "నీ చేతులకి నూనె ఉంది కదా," అంది.

"నూనె ఉంటే చీపురుకే మంచిది, మెరుస్తుంది," అన్నాడు పాలిష్. ఎప్పుడూ అనే ధోరణిలోనే అన్నాడు గానీ నవ్వలేదు.

అరగంట క్రితం మేస్త్రి లేత్ మీద ఒక గిన్నె అంచు చెక్కుతున్నాడు. ఉలి ఆనగానే తుపాకీ పేలినట్టు చప్పుడైంది. మేస్త్రి రెండడుగులు వెనక్కి వేసి, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరో పిలిస్తే ఆలోచిస్తున్నవాడిలా నిలబడ్డాడు. ఆ తర్వాతే వేళ్ళ సందుల్లోంచి రక్తం వచ్చింది. యజమాని తన వ్యానులో ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు.

ఆ షెడ్డులో చేసేదంతా వంటింటి సామాను. గిన్నెలు, మూతలు, ఉప్పు డబ్బాలు, పిండి వత్తే కర్రలు. దుంగని తొలిచి చేసేవి కావు. నల్ల చెక్కా తెల్ల చెక్కా చిన్న ముక్కలుగా కోసి, పన్నెండేసి ముక్కలని గుండ్రంగా అతికితే ఒక కడియం అవుతుంది. కడియం మీద కడియం పేర్చి, లేత్ మీద తిప్పుతూ చెక్కితే గిన్నె అవుతుంది. ముక్కలు అతికేది ఆమె. జిగురమ్మ అంటారు. కడియాలు పేర్చి చెక్కేది మేస్త్రి. ప్రతి కడియం లోపలి వైపూ ఆమె పెన్సిలుతో ఒక అంకె వేస్తుంది. ఇప్పుడు పేలింది ముప్పై ఒకటి.

నాలుగు ముక్కలనీ ఆమె పని కోటు జేబులో వేసుకుంది. వాటిలో ఒకదాని చివర చూసింది. జిగురు పట్టిన గుర్తే లేకుండా, అప్పుడే రంపంతో కోసినట్టు శుభ్రంగా ఉంది. అంటే ఆ అతుకులో ఉన్నదంతా రెండో ముక్కకే అంటుకుపోయింది. ఆ ముక్కే దొరకనిది.

ఆమె మళ్ళీ పొట్టులో చేతులు పెట్టి వెతికింది.

యజమాని సాయంత్రానికి తిరిగొచ్చాడు. చొక్కా చేతి మీద రక్తం ఎండిపోయి ఉంది. నేరుగా లేత్ దగ్గరికి వెళ్ళి బెల్టు చూశాడు.

"స్పీడు మూడో మెట్టు మీద ఉంది. చూశారా? అంచు చెక్కేటప్పుడు రెండో మెట్టు దాటొద్దని ఎన్నిసార్లు చెప్పాను! మొహానికి పెట్టుకునే అద్దం ముసుగు కూడా నెత్తి మీదికి ఎత్తేసుకున్నాడు."

"కన్ను సార్?" అన్నాడు పాలిష్.

"కన్ను దక్కింది. దాని కింద ఎముక దగ్గర ఏడు కుట్లు. వేలెడు పైకి తగిలితే ఏమయ్యేదో!" యజమాని ఆమె వైపు తిరిగాడు. "నువ్వు పక్కనే ఉన్నావు కదా, జిగురమ్మా. స్పీడు ఎక్కువైందని నీకు అనిపించలేదూ?"

జేబులో నాలుగు ముక్కలూ ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేశాయి. ఆ చప్పుడు షెడ్డంతా వినిపించిందనిపించింది.

"ఏమో సార్," అంది.

*

"ఏమైంది?" అంది అమ్మ, గుమ్మంలోనే.

"ఏం లేదు."

"ఏం లేనిదానికి మొహం అలా ఉంటుందా? కళ్ళజోడు కూడా అక్కర్లేదు, లేకుండానే కనిపిస్తోంది."

అమ్మ పాత బట్టలు సరిచేసి కుడుతుంది. మిషను మీంచి తల ఎత్తకుండానే మనిషిని కొలిచేస్తుంది. ఆమె చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, గోళ్ళ మధ్య ఎండిపోయిన జిగురు గీకుతూ నిలబడింది. మేస్త్రికి దెబ్బ తగిలిందని చెప్పింది. మిగతాది చెప్పలేదు.

"అయ్యో పాపం," అంది అమ్మ. దారం కొరికి, కూతురి వైపు మళ్ళీ చూసింది. "అంతేనా?"

"అంతే."

"చిన్నప్పుడు అద్దం పగలగొట్టి పక్కింటి పిల్లి మీదికి నెట్టావు, గుర్తుందా? పిల్లి ఏం మాట్లాడలేదు. నీ మొహమే చెప్పేసింది. నోరు నీ మాట వింటుంది గానీ మొహం వినదే నీకు."

ఇంకో రోజైతే ఆమె నవ్వేది. ఈసారి వంటగదిలోకి వెళ్ళి, అక్కడ ఏ పనీ లేకపోతే, కడిగి బోర్లించిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

ఆ మాట నిజమైతే బాగుండునని అనుకుంది. ఒక్కసారి మాత్రం ఆమె మొహం ఆమె మాట విన్నది. నిన్న, సోమవారం మధ్యాహ్నం విన్నది.

పన్నెండు ముక్కల కడియానికి ఇరవై నాలుగు కోతలు. ఒక్కో కోతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా, పన్నెండో ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆ వెంట్రుకలన్నీ ఒక్కచోట చేరి నోరు తెరుస్తాయి. అందుకే ముందు ఆరేసి ముక్కలతో రెండు సగాలు అతకాలి. అవి ఆరాక చివరలు సమంగా అరగదీసి, అప్పుడు రెండు సగాలనీ కలపాలి. తేడా అంతా ఆ అరుగుడులో పోతుంది. దానికి ఒక రోజు ఎక్కువ పడుతుంది. శనివారానికి వ్యాను నిండాలని యజమాని ఒకటే తొందర. ఆమె పన్నెండూ ఒకేసారి పేర్చి ఇనప పట్టీ బిగించేసింది. రెండు కడియాల్లో ఆఖరి అతుకు కలవలేదు. గోరు దూరదు గానీ వెలుతురు దూరుతోంది. వాటిని విడగొట్టి మళ్ళీ కోయాలి. ఆమె నల్ల చెక్క పొట్టు చిటికెడు తీసి, జిగురులో కలిపి, పంటిలో గుంత పూడ్చినట్టు ఆ సందు పూడ్చింది. ఆరాక ఉప్పు కాగితం పట్టింది. వేలితో తడిమితే తనకే తెలియలేదు.

ఏ కడియాన్నయినా గిన్నె మీదికి ఎక్కించే ముందు మేస్త్రి తట్టి చూస్తాడు. చూపుడువేలికి తగిలించి వేలాడదీసి, పెన్సిలంత కర్రతో మూడు చోట్ల. బాగా అతికినదైతే టంగుమంటుంది. ఎక్కడైనా వదులుంటే చప్పుడు తడిగుడ్డ మీద కొట్టినట్టు అక్కడే చచ్చిపోతుంది. ముప్పై ఒకటో కడియాన్ని ఆయన తట్టాడు. ఒకసారి టంగు. రెండోసారి టంగు. మూడోసారి చప్పుడు చచ్చిపోయింది. ఆమె విన్నది. మేస్త్రి ఎప్పటిలాగే తల ఎత్తి ఆమె వైపు చూశాడు.

ఆమె నవ్వింది.

మేస్త్రి కూడా చిన్నగా నవ్వి, కడియానికి జిగురు రాసి గిన్నె మీద పెట్టాడు.

కడిగిన గిన్నె చేతిలో పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది. ఆయన విన్నాడు. నలభై ఏళ్ళుగా తడుతున్న మనిషికి వినపడకపోవడం ఉండదు. విని, తన వైపు చూశాడు. చెప్పుకోవడానికి తనకో అవకాశం ఇచ్చాడు. తను పళ్ళికిలించింది. మరి విని కూడా ఎందుకు ఎక్కించాడు? బుద్ధి చెబుదామనా? రేపు అంచు ఊడితే అప్పుడు మాట్లాడదామనా? ఇప్పుడు ఆ ఐదో ముక్క ఆయన దగ్గరే ఉందా?

ఆలోచన అక్కడికి వచ్చి ఆగుతోంది. మళ్ళీ మొదటి నుంచి మొదలవుతోంది.

*

మర్నాడు అన్నాల వేళ షెడ్డులో ఎవరూ లేరని చూసుకుని ఆమె అలమర దగ్గరికి వెళ్ళింది. ముప్పై ఒకటితో పాటు అతికిన కడియాలు పై అరలో ఉన్నాయి. పొట్టు పెట్టినవి రెండు. ఒకటి పేలింది. రెండోది ఏ అంకెదో ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావడం లేదు. ముప్పై మూడా, నాలుగా, ఆరా?

ముప్పై మూడు వేలికి తగిలించుకుని తట్టింది. చప్పుడు చచ్చినట్టే వినిపించింది. ముప్పై ఆరు తట్టింది. అదీ అంతే. ఇరవై రెండు తట్టింది. పదిరోజుల క్రితం శ్రద్ధగా అతికిన కడియం అది, దానిలో ఏ లోపమూ లేదని ఒట్టేసి చెప్పగలదు. అదీ మూగగానే పలికింది. చెవుల్లో తన గుండె కొట్టుకుంటుంటే ఇంక చెక్క ఏం వినిపిస్తుంది?

"మేస్త్రి లేకపోతే కుర్చీ ఎక్కేస్తున్నావా అక్కా?" అన్నాడు పాలిష్ వెనకనుంచి.

పై ప్రాణాలు పైనే పోయాయి. కడియం జారి బల్ల మీద పడి, దొర్లి, అతని పొట్టకి ఆనుకుని ఆగింది.

"దుమ్ము దులుపుతున్నాను."

"దులుపు దులుపు." పాలిష్ కడియం తీసి ఇచ్చాడు. "ఆయనే ఉంటే ఈపాటికి నేను వచ్చి నిలబడి, మూడుసార్లు పిలిచి, నాలుగోసారి భుజం తట్టేవాణ్ణి. అప్పటికి తిరిగేవాడు. మిషను ఆపి ఉన్నా అంతే. మహారాజు మాట్లాడాలంటే ముందు మనం ఎదురుగా వెళ్ళి నిలబడాలి. అంత గర్వం ఉన్న మనిషి చూడు, ఇప్పుడు మొహానికి కట్టు కట్టుకుని కూర్చున్నాడు." అని నాలుక కరుచుకున్నాడు. "తప్పు. పాపం, మంచివాడే."

సాయంత్రం యజమాని ఆమెని పిలిచాడు. బల్ల మీద ఒక కాగితం ఉంది. దాని మీద ఆయన చేతిరాత నాలుగు లైన్లు. మేస్త్రి బెల్టు మూడో మెట్టు మీద పెట్టాడని, ముసుగు దించుకోలేదని, ప్రమాదానికి అదే కారణమని.

"చూసినదానివి నువ్వే. కింద సంతకం పెట్టు. నేను ఊరికే తీసేశానని రేపెవరూ అనకూడదు."

"తీసేస్తున్నారా?"

"మరేం చెయ్యమంటావు? ఇవాళ తన మొహం, రేపు ఇంకొకళ్ళ మొహం. అరవై దగ్గర పడ్డవాడు, చెబితే వినడు." యజమాని చెడ్డవాడేమీ కాడు. ఒకప్పుడు లేత్ ముందు నిలబడి చెక్కినవాడే, కుడిచేతి బొటనవేలికి గోరు లేదు. గొంతు తగ్గించాడు. "నీది మంచి చెయ్యి. లేత్ నువ్వు నేర్చుకో. కొన్నాళ్ళు నేను పక్కన ఉంటాను."

ఆయన పెన్ను ఇస్తున్నాడు. ఆమె తీసుకోలేదు.

"రేపు... ఎల్లుండి పెడతాను సార్. ఒకసారి చదువుకుని."

"నాలుగు లైన్లు చదవడానికి రెండు రోజులా?" అన్నాడు యజమాని. తర్వాత ఆమె మొహం చూసి, "సరేలే, భయపడ్డావు. శుక్రవారం పొద్దున్న పెట్టు," అన్నాడు.

బయటికి వచ్చాక ఆమెకి తెలిసింది, ఎంత భయపడాలో అంత ఇంకా భయపడలేదని. సంతకం పెడితే ఆయన నలభై ఏళ్ళ పని పోతుంది. పెట్టకపోతే ఎందుకు పెట్టవని అడుగుతారు. ఈ రెండింటి మధ్యలో, ఎక్కడో, ఎవరి చేతిలోనో ఆ చెక్కముక్క ఉంది.

*

గురువారం పని అయ్యాక మేస్త్రి ఇంటికి వెళ్ళింది. రెండో అంతస్తు. మెట్లు ఎక్కుతూ ఏం చెప్పాలో వరుసగా అనుకుంది. పైకి వచ్చేసరికి అందులో ఒక్క మాటా మిగల్లేదు. బెల్లు నొక్కింది. కిటికీ తెర వెనక ఒక బల్బు గబగబా వెలిగి ఆరింది. వైరింగు పాడైనట్టుంది అనుకుంది.

మేస్త్రి భార్య తలుపు తీసింది. "నువ్వా తల్లీ! రా, రా. ఎలా ఉన్నాడని ఒక్కళ్ళూ తొంగిచూడలేదు." లోపలికి నడిచి, మంచం మీద అటు తిరిగి కూర్చున్న మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి, ఆయన ఎదురుగా వంగి, గట్టిగా అంది, "జిగురమ్మాయి వచ్చింది!"

ఆ గట్టితనానికి ఆమె గుమ్మంలోనే ఆగింది. వీళ్ళిద్దరూ తన గురించి మాట్లాడుకునే ఉంటారు.

మేస్త్రి తిరిగాడు. సగం మొహం కట్టులో ఉంది. మిగిలిన సగం వాచి ఉంది. ఒక్క కన్ను ఆమెని వెతికి పట్టుకుంది.

"ఇలా కూర్చో. అటు కాదు, వెలుతురు పడేవైపు."

నేరం అడిగేవాళ్ళు ఇలాగే కూర్చోబెడతారు అనుకుంది. కూర్చుంది. కూర్చోగానే చూసింది. కిటికీ గట్టు మీద, మందు సీసాల పక్కన, ఐదో ముక్క. బొటనవేలంత నల్లచెక్క. దాని చివర జిగురూ పొట్టూ కలిసి కట్టిన గోధుమరంగు పెచ్చు ఇంత దూరానికీ కనిపిస్తోంది.

"నేను నీళ్ళు తెస్తాను," అని భార్య వంటగదిలోకి వెళ్ళింది.

ఆమె తల వంచుకుంది. చేతివేళ్ళు చూసుకుంటూ చెప్పేసింది. "అతుకులో పొట్టు పెట్టాను మేస్త్రిగారూ. తొందరలో కలవలేదు. నింపేశాను. మీరు తట్టినప్పుడు నాకు తెలిసింది. తెలిసి కూడా నోరు విప్పలేదు."

జవాబు లేదు. లోపల గ్లాసు కడుగుతున్న చప్పుడు.

"తల ఎత్తి చెప్పు," అన్నాడు మేస్త్రి.

కొట్టినట్టు అనిపించింది. ఆమె తల ఎత్తింది. కళ్ళలో నీళ్ళు అడ్డం పడుతుంటే అదే మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఈసారి ఆయన కన్ను ఆమె పెదవుల మీదే ఉంది. చెప్పడం అయ్యాక నెమ్మదిగా తల ఊపాడు.

"తెలుసు. నా పని కోటు జేబులో మీ పిన్నికి దొరికింది ఇది. పెన్సిలు పెట్టుకునే జేబులో. నన్ను తగిలి అందులోనే పడినట్టుంది."

"తెలిసీ ఎందుకు ఎక్కించారు? తట్టినప్పుడే తెలిసిందిగా మీకు. నా వైపు చూశారు. చూసి కూడా..."

మేస్త్రి వంటగది గుమ్మం వైపు చూశాడు. భార్య అక్కడ లేదని చూసుకుని ముందుకి వంగాడు. ఆయన గొంతు మరీ చిన్నదైపోయింది, ఎంత చిన్నదైందో తనకే తెలియనట్టు. ఆమె కూడా వంగాల్సి వచ్చింది.

"నాకు వినపడదు తల్లీ."

"ఏం వినపడదు?"

"ఏదీ. రెండేళ్ళయింది. మిషను హోరు తినేసిందన్నాడు డాక్టరు. అదిగో, బెల్లు కొడితే ఆ బల్బు వెలుగుతుంది. మీ పిన్ని మేనల్లుడు పెట్టి ఇచ్చాడు."

"మరి తట్టడం?"

"తట్టడానికి చెవులెందుకు? చెయ్యి చాలు. నేను తట్టేది నీ కోసం. తట్టి నీ మొహం చూసేవాణ్ణి. చప్పుడు బాగుంటే నీ మొహంలో ఏమీ ఉండేది కాదు. బాగా లేకపోతే ఇదిగో, ఇక్కడ" అని తన కనుబొమల మధ్య వేలు పెట్టాడు, "ఒక గీత పడేది. నీకు తెలియకుండానే పడేది. ఆ గీత చూసి కడియం పక్కన పెట్టేసేవాణ్ణి. నీ మొహం కనపడాలనే ముసుగు పైకి ఎత్తుకుని, అలాగే వదిలేసేవాణ్ణి. దాని అద్దమంతా గీతలే, నీ గీత ఎలా తెలుస్తుంది? రెండేళ్ళలో ఒక్కటి తప్పు పోలేదు. నువ్వెంత బాగా వింటావో నీకు తెలియదు."

ఆమె చెయ్యి తన కనుబొమల మధ్యకి వెళ్ళింది.

"సోమవారం నువ్వు నవ్వావు," అన్నాడు మేస్త్రి. ఫిర్యాదు కాదు. గుర్తు చేసుకుంటున్నాడు, అంతే. "తట్టేటప్పుడు నువ్వెప్పుడూ నవ్వవు. ఏదో మంచి కబురుందేమో, సాయంత్రం అడగాలి అనుకున్నాను. మర్చిపోయాను."

వంటగది గుమ్మంలో అలికిడైంది. ఆయనకి వినపడలేదు. ఆమె కళ్ళు అటు కదలడం చూసి ఆపేశాడు. భార్య నీళ్ళు ఇచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

"స్పీడు ఎక్కువైందంటున్నారట," అన్నాడు మేస్త్రి. "సంతకం పెట్టెయ్యి."

"అలా అయితే మిమ్మల్ని తీసేస్తారు!"

"తీసేయనీ. స్పీడు తప్పు చేసినవాడికి ఇంకోచోట మిషను ఇస్తారు. అలాంటి తప్పు అందరూ చేస్తారు. చెవులు లేనివాడికి ఎవరిస్తారు? నువ్వు పొట్టు సంగతి చెప్పావనుకో, మొదట అడిగే మాట ఏమిటి? మరి మేస్త్రి తట్టాడుగా, ఆయనకి వినపడలేదా అంటారు. అక్కడితో నా పని సరి." ఆయన ముక్కని గట్టు మీంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. మూడు రోజులుగా ఏ చేతిని తలచుకుని ఆమె అన్నం ముట్టలేదో, ఆ చెయ్యి. "చెప్పకు తల్లీ. నీకు దణ్ణం పెడతాను," అని చేతులు జోడించాడు.

ముక్క వెచ్చగా ఉంది. మెట్లు దిగుతుంటే ఆమెకి ఎక్కడా ధైర్యం రాలేదు. ఇప్పటిదాకా ఒక్కరి భయమే మోస్తోంది. ఇప్పుడు ఇద్దరిది.

*

శుక్రవారం ఆమె వెళ్ళేసరికి యజమాని చేతి గడియారం తీసి పెట్టి, చొక్కా చేతులు మడుచుకుని లేత్ ముందు నిలబడి ఉన్నాడు. మిషను బల్ల మీద కాగితం, దాని మీద బరువుకి ఉలి.

"రా. ముందు సంతకం, తర్వాత పని. రేపు వ్యాను వెళ్ళాలి. ఇవాళ నేనే చెక్కుతాను, నువ్వు పక్కన ఉండి చూడు."

పాలిష్ మూలన కూర్చుని ఒక మూతకి నూనె రుద్దుతున్నాడు. గుడ్డ గుండ్రంగా తిరుగుతోంది. ఆమె పెన్ను తీసుకుంది. మేస్త్రి ముందు రోజు సాయంత్రం అలా చేతులు జోడించకపోయి ఉంటే ఈ పెన్ను పట్టుకోవడం ఎంత కష్టమయ్యేదో! ఇప్పుడు తేలిగ్గా ఉంది. పెట్టెయ్యమన్నది ఆయనే. అందరికీ మంచిది. ఆ తేలికకే ఆమెకి ఒళ్ళు జలదరించింది.

"ఆగు, చూసి పెట్టు, చెమటకి సిరా పాకుతుంది," అన్నాడు యజమాని. ఆమె చెయ్యి కోటుకి తుడుచుకుంటుండగా ఆయన పై అరలోంచి ఒక కడియం తీశాడు. లోపల అంకె ముప్పై నాలుగు. వేలికి తగిలించి, మేస్త్రి ఎలా చేస్తాడో అలాగే, కొంచెం వెక్కిరింతగా, పెన్సిలుతో తట్టాడు.

టంగు.

కొంచెం తిప్పి మళ్ళీ తట్టాడు. టంగు.

మూడోసారి చప్పుడు చచ్చిపోయింది.

ఈసారి గుండె చప్పుడు అడ్డం రాలేదు. ఎంత స్పష్టంగా వినిపించిందంటే, ఆ అతుకు ఏ రెండు ముక్కల మధ్య ఉందో వేలు పెట్టి చూపించగలదు. యజమాని బొటనవేలితో కడియం అంచు రుద్దాడు. "బాగుందిగా?" అంటూ తల ఎత్తి ఆమె వైపు చూశాడు.

ఆమెకి నవ్వు వచ్చింది. సోమవారం నాటి నవ్వే. అది తనకి తెలుసు, పెదవుల చివర ఎక్కడ మొదలవుతుందో కూడా తెలుసు. ఇంకొక్క క్షణం ఆగితే మొహమంతా పరుచుకుంటుంది. యజమాని కడియానికి జిగురు రాస్తాడు. రేపు ఆయనో, ఎప్పుడో తనో, ఆ అంచుకి ఉలి ఆనిస్తారు.

"ఏమిటే, మొహం అలా పెట్టావు?" అన్నాడు యజమాని.

అప్పుడు తెలిసింది ఆమెకి, నవ్వు రాలేదని. కనుబొమల మధ్య చర్మం బిగిసి ఉంది. నొప్పిగా కూడా ఉంది.

"ఎక్కించకండి సార్."

"ఏం?"

"అందులో పొట్టు ఉంది. మూడో చోట. అతుకు కలవకపోతే జిగురులో పొట్టు కలిపి నింపాను. ముప్పై ఒకటిలోనూ అదే. స్పీడు వల్ల కాదు." జేబులోంచి ఐదో ముక్క తీసి కాగితం మీద పెట్టింది. గోధుమరంగు పెచ్చు పైకి ఉండేలా పెట్టింది.

మూలన గుడ్డ తిరగడం ఆగిపోయింది.

యజమాని ముక్క తీసుకుని చాలాసేపు చూశాడు. గోరు లేని వేలితో పెచ్చుని రుద్దాడు. తర్వాత కడియాన్ని బల్ల అంచుకి ఆనించి ఒక్క దెబ్బ కొట్టాడు. ఇంకెక్కడా చెక్కుచెదరకుండా సరిగ్గా ఆ ఒక్కచోటే తెరుచుకుంది. సన్నగా పొట్టు రాలింది.

"మరి మేస్త్రి?" అన్నాడు. "ఆయన తట్టకుండా ఎక్కించడే. ఆయనకి వినపడలేదా?"

వచ్చింది ఆ ప్రశ్న. మేస్త్రి చెప్పిన మాటలతోనే వచ్చింది. అబద్ధం చెబితే మొహం చెప్పేస్తుంది. నిజం చెబితే ఆ మనిషి జోడించిన చేతులు.

"ఆయన తట్టి నన్ను చూశారు," అంది. "ఎప్పుడూ అంతే. అతికింది నేను కాబట్టి నన్ను చూస్తారు. నేను బాగుందన్నాను. నా మీద నమ్మకంతో ఎక్కించారు."

"బాగుందన్నావా? నోటితో?"

"నోటితో కాదు. నవ్వాను."

యజమాని ఆమె మొహంలోకి చూశాడు. ఆమె తల దించలేదు. అందులో ఆయన ఏం చదివాడో, ఎంతవరకు చదివాడో, ఏది చదివి మూసేశాడో తెలియదు. కాసేపటికి ఉలి పక్కకి జరిపి, కాగితం చేతిలోకి తీసుకుని, ముక్కనీ పగిలిన కడియాన్నీ చెత్తబుట్టలో పడేశాడు.

"జిగురు బల్ల దగ్గరికి ఇంక వెళ్ళకు," అన్నాడు. "ఇంకొక్క కడియం అతకడానికి కూడా నిన్ను నమ్మను."

"సరే సార్."

"రేపు వ్యాను ఖాళీగానే వెళ్తుంది. వెళ్ళనీ." గొంతు గరుగ్గా ఉంది. పాలిష్ వైపు తిరిగాడు. "ఏయ్, ఆ మేస్త్రి ముసుగు అద్దమంతా గీతలు పడి ఉంది. కొత్తది తెప్పించు. కట్టు విప్పి వచ్చాక మళ్ళీ నెత్తి మీదికి ఎత్తాడంటే ఊరుకోను, చెప్పు."

"నేను చెబితే వింటాడా సార్?" అన్నాడు పాలిష్. "ఎదురుగా నిలబడి చెప్పాలి."

"నిలబడే చెప్పు."

యజమాని కాగితాన్ని వెనక్కి తిప్పాడు. తెల్లగా ఉన్న వైపు పెన్సిలుతో ముప్పై నాలుగు అని రాసి, దాన్ని కొట్టేశాడు. అలమర పై అరలోంచి తర్వాతి కడియం తీసి వేలికి తగిలించుకున్నాడు. ఇంకా ఇరవై ఆరు ఉన్నాయి. అన్నీ ఆమె అతికినవే.

"నా చెవులకి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి," అన్నాడు. "నువ్వు విను."

తట్టాడు. తట్టి, కడియాన్ని చూడలేదు. ఆమె మొహం చూశాడు. మూలనుంచి పాలిష్ కూడా అక్కడికే చూస్తున్నాడు.

ఆమె భయం పోలేదు. కానీ మొహాన్ని మాత్రం దాని మానాన దాన్ని వదిలేసి, రెండో చప్పుడు కోసం ఎదురుచూసింది.